పత్రం చెప్పని పనితనం

నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనదలచిన కుటుంబం నగల దుకాణంలో రెండు గంటలు గడిపితే, అందులో గంటన్నర రాతిని గురించిన చర్చకే సరిపోతుంది. ఎన్ని క్యారెట్లు, ఏ రంగు, ఎంత నిర్మలత, ఎవరిచ్చిన ధ్రువపత్రం అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మిగిలిన అరగంట బంగారం ధర మీద, తరుగు మీద, మజూరీ మీద బేరానికి చెల్లిపోతుంది. ఆ రాతిని ఉంగరంలో నిలిపి ఉంచే పనితనాన్ని పరిశీలించే తీరిక ఎవరికీ ఉండదు. కొన్ని నెలలు గడిచాక, బియ్యం కడుగుతూనో బస్సు దిగుతూనో చేతివైపు చూసుకుంటే ఉంగరంలో ఖాళీ గూడు కనిపిస్తుంది. పోయిన రాతి ధ్రువపత్రం మాత్రం బీరువాలో భద్రంగానే ఉంటుంది.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. బంగారు నగలపై ఉండే హాల్‌మార్కు లోహపు స్వచ్ఛతను తెలుపుతుంది. మన దేశంలో 2021 జూన్ నుండి దీనిని దశలవారీగా తప్పనిసరి చేశారు. నగపై ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్య ఉండాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఉంగరం లోపలివైపు 750 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళు బంగారమని, అంటే అది 18 క్యారెట్లదని అర్థం. రాతి బరువును కూడా క్యారెట్లలోనే చెబుతారు. అయితే అక్కడ ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అమెరికాలోని జి.ఐ.ఏ. సంస్థ విడిగా ఉన్న వజ్రాన్ని మాత్రమే పరీక్షించి శ్రేణీపత్రం ఇస్తుంది. ఉంగరంలో పొదిగిన తరువాత ఇవ్వదు. కనుక ఒక పత్రం లోహానికి, మరొకటి రాతికి సాక్ష్యం పలుకుతాయి. ఈ రెండూ ఎంత గట్టిగా కలిశాయో చెప్పే పత్రమేదీ లేదు. మజూరీ పేరిట కొనుగోలుదారు మూల్యం చెల్లించేది ఆ కలయికకే. దానిని పరీక్షించుకోవలసిన బాధ్యత కూడా అతనిదే.

రాతిని పొదిగే పద్ధతులు ఒకటి కాదు. కుందనపు పనిలో మేలిమి బంగారపు రేకును రాతి చుట్టూ అదిమి దానిని నిలుపుతారు. తెలుగు ఇళ్ళలోని పాత రవ్వల దుద్దులలో రాతి వెనుకభాగం మూసి ఉండడం పరిపాటి. ఈనాటి నిశ్చితార్థపు ఉంగరాలలో ఎక్కువ భాగం మరొక మార్గాన్ని అనుసరిస్తున్నాయి. న్యూయార్క్‌లోని టిఫనీ సంస్థ 1886లో ఆరు లోహపు గోళ్ళతో ఒకే వజ్రాన్ని వలయంపై ఎత్తి నిలిపిన ఉంగరాన్ని ప్రవేశపెట్టింది. ఆ నమూనాయే పిదప లోకమంతటా వ్యాపించింది. ఈ గోళ్ళనే దుకాణాలలో ప్రాంగులంటారు. రాయి నలువైపులా తెరిచి ఉండడం వలన వెలుతురు ధారాళంగా సోకుతుంది. కానీ ఆ రాతి రక్షణ భారమంతా కొన్ని సన్నని లోహపు మొనల మీదనే ఉంటుంది.

అందుకే లోహం ఎంపిక ముఖ్యం. మేలిమి బంగారం మెత్తన. 22 క్యారెట్ల బంగారం గాజులకు, గొలుసులకు చక్కగా పనికివచ్చినా, సన్నని గోళ్ళుగా మలచినప్పుడు సులువుగా వంగుతుంది. 18 క్యారెట్ల బంగారంలో ఇతర లోహాలు నాలుగవ వంతు ఉండడం వలన దానికి గట్టితనం వస్తుంది. గోళ్ళకు ప్లాటినమ్‌ను కూడా వాడుతారు. కాబట్టి వజ్రపుటుంగరాన్ని 18 క్యారెట్లలో చేశారంటే అది మోసమని అనుమానించనక్కరలేదు.

ఇక ఉంగరాన్ని చేతిలోకి తీసుకొని మొదట పైనుండి చూడాలి. గోళ్ళన్నీ సమాన దూరంలో, ఒకే పరిమాణంలో, ఒకే ఆకృతిలో ఉన్నాయా? రాయి సరిగా నడిమధ్యన కూర్చుందా? పిదప పక్కనుండి చూడాలి. రాతి పైముఖం ఏ వైపుకూ ఒరగకుండా సమతలంగా ఉండాలి. ఒరిగిన రాయి అందాన్ని చెడగొట్టడమే కాదు, గాడిని సరిగా కోయలేదనడానికి గుర్తు కూడా.

ఆ తరువాత పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని అడిగి తీసుకోవాలి. మంచి దుకాణదారు దానిని సంతోషంగానే ఇస్తాడు. వజ్రపు నడుము ప్రతి గోటి లోపలివైపు కోసిన చిన్న గాడిలో ఇమిడి ఉండాలి. ఆ గాడి గోటి మందంలో సగాన్ని మించితే గోరు బలహీనపడి, ఏనాడో ఒకనాడు విరుగుతుంది. గోటి కొన రాతిపై పూర్తిగా ఆనాలి. వాటి మధ్య వెలుతురు గీత కనిపించరాదు. కొన మరీ లావైతే రాతిని కప్పివేస్తుంది, మరీ సన్నగిల్లితే త్వరగా అరిగిపోతుంది.

కన్ను పట్టలేనిదానిని స్పర్శ పడుతుంది. పలుచని పట్టుగుడ్డను గోళ్ళ మీదుగా మెల్లగా లాగితే దారం ఎక్కడా చిక్కుకోరాదు. చిక్కుకున్న చోట గోరు పైకి లేచి ఉన్నదన్నమాట. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకొని వేలితో తట్టితే ఏ సవ్వడీ వినిపించకూడదు. సన్నని గలగల వినిపించినా రాయి వదులైనట్లే.

పనివాని నిజాయితీ ఉంగరం వెనుకభాగంలో బయటపడుతుంది. పైన మెరుగు పెట్టడం అందరూ చేసేదే. రాతి అడుగున, గోళ్ళ సందులలో ఆకురాయి గీతలు, పోతపనిలో మిగిలిపోయిన సూదిమొన రంధ్రాలు, రంగు తేడాతో కనిపించే అతుకులు ఉంటే, కనబడని చోట పని తొందరగా ముగించారని గ్రహించవచ్చు. రాతి అడుగుభాగం శుభ్రపరచడానికి అందుబాటులో ఉండడం కూడా అవసరమే. వజ్రానికి జిడ్డును ఆకర్షించే గుణం ఉంది. గనులలో ఖనిజం నుండి వజ్రాలను వేరుచేయడానికి జిడ్డు పూసిన బల్లలను వాడినది ఈ గుణాన్ని ఆధారం చేసుకొనే. అడుగున జిడ్డు పేరుకున్న వజ్రం ఎంత మేలైనదైనా మసకబారుతుంది. వేలి అడుగున వచ్చే వలయభాగం మరీ పలుచగా ఉండరాదు. వలయం వంగితే గోళ్ళ పట్టు కూడా సడలుతుంది.

గోళ్ళ సంఖ్య విషయంలోనూ ఆలోచన అవసరం. నాలుగు గోళ్ళలో రాయి ఎక్కువగా కనిపిస్తుంది. కాని ఒకటి విరిగితే రాయి జారిపోయే ప్రమాదం ఎక్కువ. ఆరింటిలో ఒకటి పోయినా తక్కినవి కొంతకాలం కాపాడగలవు. వజ్రం అన్నిటికంటె కఠినమైన సహజ ఖనిజమన్నది నిజమే. అయినా కొన్ని దిశలలో దెబ్బ తగిలితే అది చీలిపోతుంది. చదరపు రాతి మూలలకు, బొట్టు ఆకారపు రాతి మొనకు లోహపు తొడుగు ఉండవలసినది ఇందుకే. ఇంటిపని, ప్రయోగశాల పని, ఆసుపత్రి పని చేసే చేతులకు రాతి చుట్టూ పూర్తిగా లోహపు కట్టు ఉన్న ఉంగరం మరింత క్షేమం.

కొనే సమయంలో రశీదుపై బంగారం నికర బరువు, రాతి బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. రాయి వదులైతే ఉచితంగా బిగించి ఇస్తారా అన్నది కూడా అందులోనే రాయించడం మంచిది. ఎంత గొప్ప పనితనమైనా వాడుకలో అరుగుతుంది గనుక, సంవత్సరానికి ఒకసారైనా పొదుగుపని తెలిసినవానికి చూపించాలి.

కోట్ల సంవత్సరాలు భూగర్భంలో నిలిచిన రాయి వేలిమీద నిలిచేది మాత్రం పేరు తెలియని ఒక పనివాని ఓర్పు మీదనే. ఆ ఓర్పును గుర్తించడానికి కావలసినవి ఒక భూతద్దం, ఒక పట్టుగుడ్డ, తొందరలేని పదినిమిషాలు.