గుట్టు తెలిసినా చూస్తాం

మార్గశిరంలో మల్దకల్ తిమ్మప్ప జాతరకు నడిగడ్డ నలుమూలల నుంచీ జనం కదులుతారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ పల్లెల్లో జాతరలకూ పండుగలకూ పద్యనాటకం ఆడించడం పాత అలవాటు. తెల్లారేసరికి దుర్యోధనుడి గతి ఏమవుతుందో చూడవచ్చిన ప్రతివారికీ తెలుసు. అయినా ఎవరూ లేచి వెళ్లరు. రాయబారం ఘట్టంలో కృష్ణుడు రాగం ఎక్కడ సాగదీస్తాడో ముందే తెలిసినవాళ్లే ‘వన్స్‌మోర్’ అని గట్టిగా అరుస్తారు. ఆ పాండవ నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవులను ఆదరించిన సంస్థానాల్లో గద్వాల కూడా ఒకటి. ముగింపు తెలిసిన కథను పదేపదే చూడటం ఇక్కడివారికి కొత్త కాదు. మరి, ముగింపు తెలియకపోవడమే ప్రాణమనుకునే డిటెక్టివ్ కథను నాటకంగా ఆడితే, సినిమాగా తీస్తే ఏమవుతుంది?

తెలుగులో డిటెక్టివ్ కథ మాట వస్తే ముందుగా తలుచుకోవలసింది కొమ్మూరి సాంబశివరావును (1926-1994). డిటెక్టివ్ యుగంధర్‌ను, ఆయన అసిస్టెంట్ రాజును తెలుగు పాఠకుల ఇంటి మనుషులను చేసిన రచయిత ఆయన. ‘చీకటికి వేయికళ్ళు’, ‘ఉరితాడు’, ‘లక్షాధికారి హత్య’ వంటి నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడేదాకా చేతులు మారాయి. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని వాటిని చదివిన తరం ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుంటోంది. హంతకుడి పేరును మొదటి పేజీలోనే పెన్సిల్‌తో రాసిపెట్టే కొంటె పాఠకులూ ఆ రోజుల్లో ఉండేవారు. తిట్టుకుంటూనే చివరిదాకా చదివిన వాళ్లే ఎక్కువ. ఇంత పేరున్న యుగంధర్‌కు తెర మీద మాత్రం తగిన చోటు దొరకలేదు. 1979లో ఎన్టీఆర్ కథానాయకుడిగా ‘యుగంధర్’ అనే సినిమా వచ్చింది. కానీ అది హిందీ ‘డాన్’కు తెలుగు రూపం. కొమ్మూరి డిటెక్టివ్‌కూ దానికీ కలిసింది పేరొక్కటే.

ఆ తర్వాతి తరం నవలలకు సినిమా తలుపులు బాగానే తెరుచుకున్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ను 1983లో ఎ.కోదండరామిరెడ్డి సినిమాగా తీశారు. మరణశిక్ష రద్దు కావాలన్న పట్టుదలతో, చేయని హత్యలో తనంతట తానే ఇరుక్కునే లాయరు కథ అది. నవలలో పాఠకుడు ఊపిరి బిగబట్టి ఉరికంబం వైపు పేజీలు తిప్పుతాడు. సినిమాలో ఆ దారి మధ్యన ఇళయరాజా పాటలు వస్తాయి. ఉత్కంఠ కాస్త సడలిన మాట నిజమే. అయినా కథ మలుపులు మరిచినవారికి కూడా ఆ పాటలు ఇవాళ్టికీ నోట్లోనే ఉన్నాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ది ఇంకో దారి. 1986లో జంధ్యాల తీసిన ఆ సినిమాలో, జేమ్స్‌పాండ్‌నని చెప్పుకునే డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి ఫైట్లను పక్కనపెట్టి నవ్వించారు. టీవీలో ఎప్పుడు వచ్చినా ఆగి చూసేవాళ్లున్నారు. కేసు ఎలా తేలిందో గుర్తులేనివారు కూడా అందులో నటి శ్రీలక్ష్మి వినిపించే కవిత్వాన్ని మరిచిపోలేదు.

గుట్టు ఒక్కటే కథను నిలబెట్టదన్న ఈ సంగతిని సముద్రాల అవతల బాగా గ్రహించిన రచయిత్రి అగాథా క్రిస్టీ. తన నవలను 1928లో ఇంకొకరు ‘అలిబీ’ అనే నాటకంగా మలిస్తే ఆమెకు అందులోని మార్పులు నచ్చలేదు. అప్పుడు తానే నాటకాలు రాయడం మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత ఆమె చేసిన మార్పులు ఇంకా పెద్దవి. కొన్ని నవలలను నాటకాలుగా తిరగరాసేటప్పుడు తన పేరుమోసిన డిటెక్టివ్ పాయ్‌రోనే తీసేశారు. ఆయన వేదిక మీదికి వస్తే మిగతా పాత్రలు వెలవెలబోతాయని ఆమె భయం. పదిమందిలో ఒక్కరూ మిగలని 1939 నాటి నవలను 1943లో నాటకం చేసినప్పుడు ఇద్దరిని బతికించారు. మన దగ్గర హీరోను తగ్గించి కథను పెంచే సాహసం ఎందరు చేయగలరు?

ఆమె ‘మౌస్‌ట్రాప్’ నాటకం 1952 నవంబరు 25న లండన్‌లో మొదలైంది. 2020లో కరోనా ఆపిందే తప్ప ప్రేక్షకులు ఆపలేదు. మరుసటి ఏడాది మళ్లీ తెర లేచింది. లండన్‌లో ఆట ముగిసిన ఆరు నెలలదాకా సినిమా తీయరాదన్నది ఒప్పందం. ఆట ముగియలేదు, ఇంగ్లిష్‌లో సినిమా రాలేదు. గుట్టు బయటపెట్టవద్దని ప్రదర్శన చివర ప్రేక్షకులను కోరడం అక్కడి ఆనవాయితీ. ఏడు దశాబ్దాల్లో ఆ గుట్టు ఎన్నిసార్లు బయటపడి ఉంటుందో ఊహించుకోవచ్చు. టికెట్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి.

సత్యజిత్ రాయ్ ఇంకో అడుగు ముందుకేశారు. తాను రాసిన డిటెక్టివ్ ఫెలూదా నవల ‘సోనార్ కెల్లా’ను 1974లో తానే సినిమాగా తీస్తూ, దుర్మార్గులెవరో ప్రేక్షకుడికి తొలి భాగంలోనే చూపించేశారు. దొంగ ఎవరన్న ప్రశ్న పోయి, కథలోని పిల్లవాడు వాళ్ల చేతిలోంచి ఎలా బయటపడతాడన్న ఆత్రం మిగిలింది. బెంగాలీ ఇళ్లలో ఆ సినిమాను తాతలూ మనవళ్లూ కలిసి ఇప్పటికీ చూస్తారు.

ఇవన్నీ చెప్పేది ఒక్కటే. హంతకుడి పేరు తెలియగానే చప్పబడిపోయే నవల మొదటే బలహీనమైనది. నాటకమో సినిమానో చేసి చూస్తే ఆ బలహీనత వెంటనే బయటపడుతుంది. మనుషులు, మాట, చోటు, భయం గట్టిగా కుదిరిన కథ గుట్టు తెలిశాక కూడా నిలుస్తుంది. జాతర నాటకం ముందు రాత్రంతా కూర్చునే నడిగడ్డ ప్రేక్షకుడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన నాటక సమాజాలు మాత్రం డిటెక్టివ్ కథను ఎందుకో చిన్నచూపు చూశాయి. పరిషత్తు పోటీల్లో సాంఘిక సమస్యకు ఉన్న గౌరవం హత్య కేసుకు దక్కదు. నిజానికి ఇంత తక్కువ ఖర్చుతో ఆడగలిగిన నాటకం ఇంకొకటి లేదు. ‘మౌస్‌ట్రాప్’ మొత్తం ఒకే హాలులో, ఎనిమిది పాత్రలతో నడుస్తుంది. కిరీటాలు, గదలు, మార్చే పరదాలు ఏవీ అవసరం లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల విద్యార్థులు ఈసారి వార్షికోత్సవానికి సినిమా డాన్సులతో పాటు ఒక యుగంధర్ కేసునూ ఎక్కించి చూడాలి. హక్కులున్నవారి అనుమతి తీసుకుని, కొమ్మూరి పేరు కరపత్రం మీద పెద్దక్షరాలతో వేయాలి. నవల ముందే చదివిన పెద్దలను ముందు వరసలో కూర్చోబెట్టాలి. వాళ్లు చివరిదాకా కదలకపోతే నాటకం గెలిచినట్టే.