కుక్క బిస్కెట్టుకు అంటని మైల గ్లాసుకెట్లా అంటింది?

"మాస్టారూ, నాకో లెక్క తేలటంలా. సదువుకున్నోళ్లు గదా, మీరైనా సెప్పండి" అని మా పేట చెల్లెలొకామె మొన్నొక రాత్రి మీటింగయ్యాక నన్ను నిలేసింది.

ఆమె పొద్దున్నే బందరు రోడ్డు మీద బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అపార్టుమెంటుకి పనికి పోతుంది. ఆ ఇంట్లో ఒక కుక్క ఉంది. బజారు బిస్కెట్లు దానికి పడటం లేదని ఆదివారం ఆదివారం ఇంట్లోనే చేయిస్తున్నారు. గోధుమపిండి, రాగిపిండి కలపాలి. ఉడకబెట్టిన తీపి గుమ్మడికాయ మెత్తగా మెదిపి అందులో వెయ్యాలి. ఒక గుడ్డు కొట్టి పొయ్యాలి. ఉప్పు, పంచదార వెయ్యకూడదు. చాక్లెట్టు, ద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం కాబట్టి ఆ చేతులతో పిండి ముట్టుకోకూడదు. చపాతీలాగ ఒత్తి, ఎముక ఆకారం అచ్చుతో కోసి, ఓవెన్లో 180 డిగ్రీల మీద అరగంట కాల్చాలి. గట్టిపడి, ఆరాక డబ్బాకెత్తాలి. ఇదంతా ఆమే నాకు చెప్పింది. నాకంతవరకూ తెలీదు.

"పిండి పిసికేది నేను. కాల్చేది నేను. పెట్టేదీ నేనే. అది నా సేతిలోంచే తింటది, తిని నా సెయ్యి నాకుతది. ఆ తర్వాత పోయి అయ్యగారి ఒళ్లో కూకుంటది. నాకు దాహమైతే మాత్రం బాల్కనీలో కుళాయి కాడ వేరే గ్లాసుంది. కుక్క గిన్నె వంటింటి గిన్నెల్తో కలిపి తోముతా. నా గ్లాసు వాటితో కలవగూడదంట. ఇదేం లెక్క మాస్టారూ?"

ఆ ఇల్లు ఎవరిదో, ఈమె ఎవరో ఇక్కడ రాయను. రాస్తే ఊడేది వాళ్ల పరువు కాదు, ఈమె పని.

ఈ సంగతి విన్న మన కుర్రాళ్లు కొందరు ఉడికిపోయారు. "మన పిల్లలకు గుడ్డు దొరక్కపోతే కుక్కకు గుడ్డేసి బిస్కెట్లా?" అన్నారు. కోపం న్యాయమే. కానీ అది తగలాల్సిన చోట తగల్లేదు. కుక్క మన ముద్ద లాక్కోలేదు. దానికి కులం తెలీదు. ఆ ఇంట్లో ఈమె చేతిని చెయ్యిగా చూసిన ప్రాణి అదొక్కటే.

అసలు కుక్కకీ మనకీ ముడిపెట్టిందెవరు? మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. చండాలురు ఊరి బయట ఉండాలంట, పగిలిన పాత్రల్లో తినాలంట, కుక్కలూ గాడిదలే వాళ్ల ఆస్తంట. మనతోబాటు కుక్కని కూడా ఊరవతల పెట్టిన పుస్తకమది. ఇవ్వాళ ఏమైంది? కుక్క మటుకు లిఫ్టెక్కి అయిదో అంతస్తు హాల్లోకి పోయింది. మనం పనిలిఫ్టు దగ్గరే ఆగిపోయాం. పగిలిన పాత్ర స్టీలు గ్లాసైంది, అంతే తేడా.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహద్‌లో చవుదార్ చెరువు నీళ్లు తాగింది ఈ లెక్క తేల్చడానికే. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, కుక్క తాగొచ్చు, అంటరాని మనిషి మాత్రం దోసిలి పట్టకూడదు. మనవాళ్లు తాగారని ఆ తర్వాత 108 బిందెల్లో పేడ, పంచితం, పాలు, పెరుగు కలిపి పోసి చెరువును శుద్ధి చేశారు. అంతకుముందు కుక్క తాగినప్పుడు ఒక్క బిందె కూడా పొయ్యలేదు. ఆ ఏడాదే డిసెంబర్ 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. వంద సంవత్సరాలు కావస్తోంది. బందరు రోడ్డు మీదే, స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది. అదే రోడ్డు మీద బస్సులో పోయే చెల్లెలికి వేరే గ్లాసు మాత్రం పోలేదు.

ఇంకో సంగతి. ఈ కుక్క బిస్కెట్టు పుట్టిందే మాంసంతో. 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్కల కోసం బిస్కెట్లు చేసి అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు షాపుల్లో కుక్క నమలడానికి అమ్మే తెల్లటి ఎముకలున్నాయి చూడండి, అవి చాలావరకు ఎముకలే కావు. పశువు తోలును శుభ్రం చేసి, చుట్టి, ఆరబెట్టి చేసినవి. తోలు ముట్టుకున్నాడనే గదా మాదిగను వేల ఏళ్లు వెలేశారు! ఆ తోలే ఇవ్వాళ దర్జాగా సోఫా మీద కుక్క నోట్లో ఉంది. సరుకుకు మైల లేదు, కుక్కకు మైల లేదు. మైలంతా మనిషి మీదే. కాబట్టి ఇది శుభ్రం గొడవ కాదు, ఆరోగ్యం గొడవ అసలే కాదు. ఎవరు పైన, ఎవరు కింద అనే గొడవ.

అపార్టుమెంట్ల దాకా ఎందుకు, బడిలో చూడండి. మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్లుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. నేను పనిచేసిన ఒక బడిలో మన పేట ఆమె వంటకు చేరగానే కొన్ని ఇళ్ల నుంచి పిల్లలకు టిఫిన్ క్యారేజీలు రావడం మొదలైంది. పిల్లలకేం తెలీదు పాపం, "మా అమ్మ తినొద్దంది సార్" అనేవాళ్లు. ఆమె అన్నానికి వరండాలో పిల్లులూ కుక్కలూ కాసుకుని ఉండేవి. నేను పిల్లల మధ్య కూర్చుని రోజూ ఆ అన్నమే తిన్నాను. క్యారేజీలు ఆగడానికి రెండేళ్లు పట్టింది. ఒక్కరోజు ఉపన్యాసంతో ఆగేవి కావవి.

రెండో సంగతి కూలి. ఆ బిస్కెట్ల పని రెండు గంటలు. జీతం మాట్లాడుకున్నప్పుడు అంట్లు, ఊడవడం, తుడవడం అన్నారు. బిస్కెట్ల ఊసు లేదు. "కాస్త చేసిపెట్టమ్మా" అని మొదలై ఆదివారం సెలవు హరించుకుపోయింది. ఇంటిపనిని మన రాష్ట్రంలో కనీస వేతనాల జాబితాలో 2007లోనే చేర్చారు. ఆ ముక్క మన పేటల్లో ఎంతమందికి తెలుసు? 2011లో జెనీవాలో ఇంటిపనివారి హక్కుల ఒప్పందానికి మన దేశం ఓటేసింది గానీ, దాన్ని ఆమోదించి అమలుకు కట్టుబడలేదు. బడి వంటామెకు కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలని గీత గీసింది. మన రాష్ట్రంలో అది 3,000 కావడానికి 2019 దాకా ఆగాల్సొచ్చింది. పొయ్యి దగ్గర మన చెయ్యి కావాలి. కూలి దగ్గరికొచ్చేసరికి అది సేవైపోతుంది, గ్లాసు దగ్గరికొచ్చేసరికి మైలైపోతుంది.

ఇక ఏం చెయ్యాలి? నెల తిరిగేసరికి జీతం వచ్చే నాబోటివాడు "గ్లాసు విసిరికొట్టు" అని చెప్పడం తేలిక. విసిరికొడితే మర్నాడు పని ఉండదు. ఒక్కరు అడిగితే పొగరంటారు. ఒక అపార్టుమెంటులో పనిచేసేవాళ్లు పదిమంది కలిసి అడిగితే అది మాట అవుతుంది. ముందు బస్సులో కలిసిపోయే అక్కచెల్లెళ్లు తమలో తాము మాట్లాడుకోవాలి. కుక్క పని, పిల్లల పని, వంట పని దేనికి ఎంతో రేటు ఒక్కటిగా కట్టుకోవాలి. ఆదివారం పనికి వేరే కూలి అడగాలి. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ సాగనివ్వనంది. స్టీలు గ్లాసు కూడా ఒక రూపమే. మన సంఘం కార్యకర్తలు ఊళ్లో టీకొట్టు ముందు రెండు గ్లాసుల మీద కొట్లాడినట్టే అయిదో అంతస్తు గ్లాసు మీదా కొట్లాడాలి.

మనలో ఉద్యోగాలొచ్చి పట్నంలో ఫ్లాట్లు కొన్నవాళ్లకూ ఒక మాట. మీ ఇంట్లోనూ పనిమనిషి ఉంది, కొందరింట్లో కుక్కా ఉంది. ఆమె ఏ గ్లాసుతో తాగుతోందో ఈ పూట లేచి చూడండి. మాల ఇంట్లో మాదిగామెకు వేరే గ్లాసుంటే మనం తగలబెట్టింది కాగితాలే, మనువును కాదు.

కుక్కను సాకేవాళ్ల మీద నాకు పేచీ లేదు. సాకనివ్వండి, గుమ్మడికాయేసి బిస్కెట్లు పెట్టనివ్వండి. నోరులేని ప్రాణి మీద దయ మంచిదే. ఆ దయ వంటింటి గడప దాటి బాల్కనీ కుళాయి దాకా ఎందుకు రాదన్నదే ప్రశ్న.

ఆ చెల్లెలికి నేనిచ్చిన జవాబు ఇదీ: "నీ లెక్క తప్పు కాదమ్మా, వాళ్ల పుస్తకం తప్పు." ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా బిల్డింగోళ్లం తొమ్మిదిమందిమి ఉన్నాం. వచ్చే మీటింగుకి తీసుకొస్తా" అంది. వాళ్లొచ్చే రోజుకి మనం చాప పరిచి, ఒకే కుండ, ఒకే గ్లాసు పెట్టుకుని సిద్ధంగా ఉండాలి.

జై భీమ్.