కంపెనీ పోయింది, అప్పు మనకు మిగిలింది



పోయిన నెల మా ఊళ్లో విత్తనాల ఆర్గనైజరు అడ్వాన్సులు ఇచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. పంట ఇంటికొచ్చాక క్వింటాలుకు ఎంత ఇస్తారో అందులో రాయలేదు. అడిగితే, "అంత పెద్ద కంపెనీ మనల్ని ముంచుతుందా?" అని మన కుర్రాళ్లే ఎదురు ప్రశ్న వేశారు. నేను చదివింది పదో తరగతే. కానీ ఇంతకన్నా పెద్ద కంపెనీ కథ ఒకటి మనందరం గుర్తుపెట్టుకోవాలి.

ఈస్టిండియా కంపెనీ 1600లో లండన్‌లో పుట్టింది. 1611లో మన మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది. మొదట అడిగింది బట్టలే. నేతగాడికి ముందుగా బయానా ఇచ్చేవాళ్లు. అది తీసుకున్నాక బట్ట ఇంకొకరికి అమ్మడానికి లేదు. తర్వాత బీహారులో నల్లమందు పండించే రైతుకూ అదే ఉరి బిగించారు. అడ్వాన్సు కంపెనీదే, ధర కంపెనీదే, కొనేదీ కంపెనీ ఒక్కటే.

1757లో ప్లాసీ యుద్ధం గెలిచింది. 1765లో బెంగాల్, బీహార్, ఒరిస్సాల శిస్తు వసూలు హక్కు చేజిక్కించుకుంది. అంతకుముందు ఓడల్లో వెండి తెచ్చి సరుకు కొనేవాళ్లు. ఆ తర్వాత రైతు కట్టిన శిస్తుతోనే ఈ దేశపు సరుకు కొన్నారు. 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు దాని చేతికొచ్చాయి.

1770లో బెంగాల్‌లో ఘోరమైన కరువు. జనం లక్షల్లో చచ్చిపోయారు. అయినా 1771 శిస్తు వసూళ్లు 1768 నాటి కన్నా ఎక్కువే వచ్చాయని వారన్ హేస్టింగ్స్ స్వయంగా లండన్‌కు రాశాడు. ఇంత పిండినా కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1773లో బ్రిటిష్ ప్రభుత్వం 14 లక్షల పౌన్లు అప్పిచ్చి నిలబెట్టింది. రైతు మునిగితే పట్టించుకున్న వాడు లేడు.

అక్కడి నుంచి పార్లమెంటు దాని పగ్గాలు ఒక్కొక్కటీ లాక్కుంది. 1813లో ఇండియా వర్తకం మీద గుత్తహక్కు పోయింది. 1833లో వర్తకమే మానుకోమన్నారు. కానీ వాటాదారులకు నష్టం రానివ్వలేదు. ఏటా నూటికి పదిన్నర చొప్పున డివిడెండు ఇండియా ఆదాయం నుంచే ఇవ్వాలని చట్టం చేశారు. అదే 1833లో గుంటూరు సీమలో నందన కరువు. అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా పోయారని అంచనా.

1857 తిరుగుబాటు తర్వాత, 1858లో పాలన రాణి చేతికి పోయింది. కంపెనీ అప్పులు మాత్రం ఇండియా ఖాతాలో పడ్డాయి. 1874లో కంపెనీ రద్దయింది. పేరు మారింది గానీ శిస్తు ఆగలేదు.

నేను చెప్పేది ఇదే. కంపెనీ పెద్దదని రైతుకు భద్రత రాదు. అది లాభపడినప్పుడు మనకు వాటా లేదు, మునిగినప్పుడు నష్టం మన నెత్తిన పడింది. వాళ్లను నమ్మాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. కాగితంలో ఏముందో చూడాలి.

అన్నలారా, అక్కలారా, ధర, తూకం, డబ్బు చెల్లించే తేదీ రాయని కాగితం మీద సంతకం పెట్టొద్దు. నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒంటరిగా పోకుండా సంఘం మీటింగుకు తెండి. పదిమందిమి కలిసి చదివి, కలిసే బేరం ఆడదాం.