వీడియో కాల్ మధ్యలో బిగుసుకుపోతోందా?

డాలస్‌లో ఉన్న అమ్మాయి ఆదివారం పొద్దున్నే ఫోన్లో కనబడుతుంది. సరిగ్గా మనవడు ఏదో ముద్దుగా చెప్పబోయేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది, మాట ముక్కలు ముక్కలవుతుంది. ‘నెట్టు బాలేదమ్మా, మళ్ళీ చేస్తా’ అని పెట్టేస్తుంది. మళ్ళీ అంటే మళ్ళీ ఆదివారమే! ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాను తీసుకోబోయే ముందు, రూటరు పక్కనే కూర్చుని ఒక కాల్ చేసి చూడండి. అక్కడ బాగానే వస్తే లోపం ఇంట్లోనే ఉందన్నమాట.

వైఫై వీధి కుళాయిలాంటిదండీ. బిందెలు ఎన్నున్నా ధార ఒకటే. ఒక చానెల్లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. పక్కింటివాళ్ళ రూటరూ అదే చానెల్లో ఉంటే వాళ్ళ బిందెలూ మన వరసలోకే వస్తాయి. సినిమా డౌన్‌లోడ్ కాస్త ఆలస్యమైతే ఏం మునిగిపోదు, మాట ఆలస్యమైతే మాత్రం సంభాషణ సాగదు. అందుకే 2005లో వచ్చిన 802.11ఇ అనే ప్రమాణంలో మాటకి, వీడియోకి, మామూలు పనులకి, తీరిగ్గా జరిగే పనులకి నాలుగు వరసలు పెట్టారు. మాట తక్కువసేపు ఆగుతుంది, చంటిపిల్ల తల్లిని ముందు పట్టుకోనిచ్చినట్టు. రూటరు సెట్టింగుల్లో దీని పేరు డబ్ల్యూఎంఎం. మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, ఎవరైనా ఆపేశారేమో మీ అబ్బాయిచేత చూపించండి.

మా ఇంట్లో అసలు దొంగ ఎవరనుకున్నారు? మైక్రోవేవ్ ఒవెన్! అది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫై పాత బ్యాండు 2.4. తలుపు సందుల్లోంచి వచ్చే ఆ కొద్దిపాటి తరంగాలు మనల్ని ఏమీ చెయ్యవుగానీ వైఫైని తికమకపెడతాయి. నేనేమో కాల్ వచ్చేవేళకే చల్లారిన కాఫీ అందులో పెట్టేదాన్ని!

ఫోనుని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. దానికి గోడలు దాటడం కష్టం, కనక రూటరున్న గదిలోనే కూర్చోండి. 2.4 తప్పదంటారా, 1, 6, 11 చానెళ్ళలో రద్దీ తక్కువున్నది పెట్టించండి. అవి ఒకదాన్నొకటి తొక్కుకోవు.

రూటరుని టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో దాచకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తుగా ఉంచండి. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పేవాళ్ళనీ చూశాను, వేడెక్కిపోతుంది సుమా! వీలైతే టీవీకి వైరు వేయిస్తే ఆ మేరకు గాలిలో రద్దీ తగ్గుతుంది. కాల్ వేళకి ఫోన్లలో ఫోటోల బ్యాకప్ ఆపండి.

కాఫీ మాత్రం ఆ గంటసేపూ గ్యాసు మీదే వెచ్చబెట్టుకోండి.