ఎనుములాంటి బండి

మొదటి బండి ఏది కొనమంటారు అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. అడిగినవాడి ఎత్తెంత, ఒంట్లో బలమెంత, ఎటు పోదామనుకుంటున్నాడు, బండి పడిపోతే ఒక్కడే లేపుకోగలడా? ఇవేవీ అడగం. వెంటనే లదాఖ్ తీసుకొస్తాం. కార్దుంగ్ లా దగ్గర పసుపు బోర్డు, దాని పక్కన రెండొందల కిలోల బండి, దానికి అటూఇటూ అల్యూమినియం పెట్టెలు. ఆ పిల్లవాడు ఇంతవరకు కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాటి బండి నడిపి ఉండడు. అయినా పద్దెనిమిది వేల అడుగుల ఎత్తుకు సరిపోయే బండి అంటగట్టి పంపిస్తాం.

నాకూ అలాగే అంటగట్టారు. కాదు, అబద్ధం ఎందుకు, నేనే అంటగట్టుకున్నాను. బండి పేరు చెప్పను. దానిలో లోపమేమీ లేదు, లోపమంతా కొన్నవాడిదే. మూడేళ్ళ ఈఎంఐ పెట్టి కొన్న నెలకి హైదరాబాదు నుంచి ఊరికి బయల్దేరాను. మూడొందల కిలోమీటర్లు వెన్నలా వచ్చింది. ఎమ్మిగనూరు దాటాక, ఆదోని దాకా హైవే మీద పోతే ఇంక అడ్వెంచర్ ఏముంది అనిపించి, ఎడమ పక్క పల్లెదారి పట్టాను. జులై. ముందురోజు రాత్రి వాన పడింది.

నల్లరేగడి గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట. అది బురద కాదు, బంక. ఆదోని పత్తికి పేరు తెచ్చిన నేల అదే. ఆదోని మార్కెట్ యార్డుకి గోతాలు గోతాలుగా పత్తి వచ్చేది అది నీళ్ళని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టే. నీళ్ళని పట్టినంత గట్టిగా చక్రాన్నీ పట్టుకుంటుంది. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి, ఒక్కో చుట్టుకీ ఒక్కో పొర ఎక్కి, నూరు గజాలు పోయేసరికి చక్రం తిరగడం మానేస్తుంది. అక్కడి రైతుల బళ్ళు చాలావాటికి ముందు మడ్‌గార్డు ఉండదు. ఊడిపోయిందనుకుంటాం. ఊడలేదు, ఊడదీశారు.

నా బండి తిరగడం మానేసి మెల్లగా ఎడమ పక్కకి వాలింది. కాలు పెట్టాను. కాలు జారింది. అంతే. దెబ్బ తగల్లేదు. కానీ లేపబోతే లేవలేదు. వీడియోల్లో చూసినట్టు సీటుకి వీపు ఆనించి, హ్యాండిలు ఒక చేత్తో, వెనక రాడ్డు ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కి నెట్టాను. ఆ పద్ధతి మంచిదే, గట్టినేల మీద. బంకమట్టిలో నా కాళ్ళే వెనక్కి పోయాయి. ఇరవై నిమిషాల తర్వాత పక్క చేలో పత్తి గింజలు పెడుతున్న ఆడవాళ్ళు నలుగురు, ఒక ముసలాయన వచ్చి లేపారు. లేపాక ముసలాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏమప్పా, ఎనుము ఉన్నట్ల ఉండాది. ఒంటిగా యాటికి పోతావు దీన్ని తోలుకొని?"

ఎనుమంటే మా వైపు బర్రె. ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అసలు పేచీ ఇదీ. మనవాళ్ళ సలహాల్లో బండిని కొలిచే లెక్కలు రెండే, సీసీ ఒకటి, హార్స్ పవర్ ఒకటి. మొదటిసారి దూరం పోయేవాడికి పనికొచ్చే లెక్కలు వేరే. బరువెంత? సీటు ఎత్తెంత? రోడ్డు పక్కన ఎవడు బాగుచేస్తాడు? స్ప్లెండర్ నూటపన్నెండు కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 200 నూటయాభై దాటి ఓ నాలుగైదు. 2023 చివర్లో వచ్చిన కొత్త హిమాలయన్ నూటతొంభై ఆరు. ఎక్స్‌పల్స్‌కీ హిమాలయన్‌కీ సీటు ఎత్తు 82 సెంటీమీటర్ల పైమాటే. ఐదడుగుల మూడంగుళాల అమ్మాయి ఆ సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు ఆనుతాయి. రాతి మీద ఆగినప్పుడు అవీ ఆనవు. "అలవాటైపోతుంది" అంటారు. అవును, అలవాటవుతుంది. అలవాటయ్యేలోపు ఎన్నిసార్లు పడుతుందో, పడ్డాక భయంతో ఎంతమంది బండి అమ్మేసి కారు కొన్నారో ఆ మాట ఎవరూ రాయరు. అమ్మేసినవాడు ఫోటో పెట్టడు కదా.

ట్యాంకు గురించీ చెప్పాలి. పెద్ద బండికి పదిహేడు లీటర్ల ట్యాంకు, లీటరుకి ముప్పై వేసుకుంటే ఐదొందల పది కిలోమీటర్లు. స్ప్లెండర్‌కి పది లీటర్లకి కాస్త తక్కువ, లీటరుకి అరవై దాకా ఇస్తుంది. ఐదొందలు దాటి ఇంకాస్త. పెట్రోలు నూటపది రూపాయల దగ్గర ఉన్న మన రాష్ట్రంలో "లాంగ్ రేంజ్" అనే మాట ఏ బండికి తగిలించాలో మీరే లెక్క కట్టుకోండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు 350 సీసీ దాకా పద్దెనిమిది శాతం, అది దాటితే నలభై అన్నారు. నా ఎనుము గీతకి అవతల ఉంది.

ఈ పత్రిక చదివేవాళ్ళు పుస్తకాల మనుషులు కాబట్టి పుస్తకాల్లోంచే చెప్తాను. చే గువేరా బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని పెద్ద బండి కొన్నవాళ్ళని నేను ముగ్గుర్ని ఎరుగుదును. 'మోటార్‌సైకిల్ డైరీస్' పూర్తిగా చదివినవాళ్ళు ఆ ముగ్గురిలో ఎవరూ లేరని నా అనుమానం. 1952లో చే, అల్బెర్తో గ్రనాదో బయల్దేరింది 500 సీసీ నార్టన్ మీద. దాని పేరు 'లా పొదెరోసా', అంటే బలశాలి. ఆ బలశాలి పడుతూ లేస్తూ చిలీ దాకా వచ్చి ప్రాణం విడిచింది. మిగతా ప్రయాణమంతా లారీల మీద, పడవల మీద, కాలినడకన. మనుషుల్ని దగ్గరగా చూసిందంతా చాలావరకు బండి పోయాకే. 1973లో లండన్ నుంచి బయల్దేరి నాలుగేళ్ళు ప్రపంచం చుట్టిన టెడ్ సైమన్ అప్పటికి బండి నడపడంలో కొత్తవాడే. 2004లో ఇద్దరు సినిమా నటులు పెద్ద బీఎండబ్ల్యూల మీద లండన్ నుంచి న్యూయార్క్ పోయారు. ఈ అడ్వెంచర్ బళ్ళ పిచ్చికి ఆ టీవీ సిరీస్ కూడా ఒక మూలం. అందులో నాకు నచ్చిన ఘట్టం మాత్రం మంగోలియాలో కెమెరామన్ బండి చెడిపోయి, అతనికి రష్యా తయారీ చవక బండి ఒకటి కొనిపెట్టడం. అదే గడ్డినేలల్లో పెద్ద బళ్ళు బురదలో దొర్లుతుంటే అతను ఆ ఎర్రబండి మీద హాయిగా పోయాడు. ఆ కంపెనీ బళ్ళ అమ్మకాలేమీ పెరిగినట్టు లేవు.

మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో పోయాడు. వాహనం బరువు ఎవరు మోస్తారన్న ప్రశ్న తెలుగు యాత్రాసాహిత్యంలో మొదటి పుస్తకం నుంచే ఉందన్నమాట. బోయీల పేర్లతో ఒక పుస్తకం ఉంటే బావుండేది.

ఇక్కడే నా అసలు కోపం. దూరప్రయాణం, ఓవర్‌ల్యాండ్, రోడ్ ట్రిప్ అన్న మాటలు మనం ఎవరికి వాడుతున్నాం? కోసిగి, పెద్దతుంబళం, మంత్రాలయం వైపు పల్లెల్లో దసరా పోయాక ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. సుగ్గికి పోతారు. సుగ్గి అంటే కన్నడంలో కోతలకాలం. మా పడమటి కర్నూలులో దానికి వలస అనే అర్థం వచ్చింది. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కాయలు కోయడానికి. మూడొందల యాభై కిలోమీటర్లకు పైమాటే. కర్నూలు, నంద్యాల, నల్లమల ఘాట్ దాటి గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట. కుటుంబాలు బొలేరోల్లో, లారీల్లో, రైళ్ళలో పోతాయి. వయసు పిల్లలు కొందరు బళ్ళ మీద పోతారు, అక్కడ చేను నుంచి చేనుకి తిరగాలి కాబట్టి. ఒక స్ప్లెండర్ మీద ఇద్దరు, మధ్యలో బియ్యం మూట, వెనక ఎమ్మిగనూరు దుప్పట్లో చుట్టిన బట్టలు, పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలతో బిగించి. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పుణ్యమా అని ఆ ఊరి దుప్పటి ఇప్పటికీ పేరున్నదే. నా అల్యూమినియం పెట్టెలు రెండూ కలిపి ఇరవై ఏడు వేలు. ఆ పట్టీలు పంక్చరు షాపులో ఊరికే ఇస్తారు. ఏది గట్టిగా పట్టిందని అడక్కండి.

వాళ్ళు రాత్రుళ్ళు చలిలో ఆ ఘాటు దాటతారు. బ్రేకు వైరు తెగితే కట్టుకుంటారు. ఇంకో భాషలాగే ఉండే ఇంకో యాసలో మాట్లాడి పని వెతుక్కుంటారు. ఉగాదికి తిరిగొస్తారు. వాళ్ళని మనం వలస కూలీలు అంటాం. నేను మూడు రోజులు సెలవు పెట్టి హంపీ పోయొస్తే ట్రావెలర్ అంటారు. పేదరికాన్ని రొమాంటిక్ చేస్తున్నావని ఒక మిత్రుడన్నాడు. ఆ మాట నన్ను కొన్నాళ్ళు తొలిచింది. కాదు. సుగ్గికి పోయే పిల్లలెవరికీ పోవాలని లేదు. వాళ్ళ వెంట పోయిన పసివాళ్ళ చదువు ఆగిపోతుంది. అందులో అందమేమీ లేదు. నేననేది ఒక్కటే. ఆ దారి, ఆ దూరం, ఆ బరువు చిన్నబండి మోస్తుందా లేదా అన్నది వాదించాల్సిన సంగతి కాదు. అది ప్రతి ఏడాదీ మన కళ్ళముందే తేలిపోతోంది. మనం చూడకపోవడానికి కారణం బండి చిన్నది కావడం కాదు, దాని మీద ఉన్న మనుషులు మనకి చిన్నవాళ్ళు కావడం.

ఇప్పుడు ఎదుటి వాదన. అందులో పస ఉంది, దాటేయను. వంద సీసీ బండి మీద హైవే ఎక్కితే లారీ దాటిపోయినప్పుడల్లా గాలికి ఊగుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే ముందు రోజు నుంచీ ప్లాన్ చేసుకోవాలి. బ్రేకులు అంతంతమాత్రం. 2019లో వచ్చిన నిబంధన 125 సీసీ దాటిన బళ్ళకే ఏబీఎస్ తప్పనిసరి చేసింది, చిన్నవాటికి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటుతో సరిపెట్టింది. తడి రోడ్డు మీద ఆ తేడా ప్రాణమంత తేడా. ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలుంటే గుంతలు మింగేస్తుంది, ఎత్తు మడ్‌గార్డు ఉంటే రేగడి ఇరుక్కోదు. ఇవన్నీ నిజం. అందుకే నేను అందర్నీ స్ప్లెండర్ కొనమనడంలేదు. నూటయాభై కిలోల లోపల, ఏబీఎస్ ఉన్నది, నీ రెండు పాదాలూ నేలకి ఆనేది, ఇంతే నా పట్టు. లదాఖ్ అప్పుడూ అక్కడే ఉంటుంది.

ఇంకొక సంగతి నా వాదనకే అడ్డం వస్తుంది. "చిన్నబండయితే ఎక్కడైనా బాగుచేస్తారు" అన్న మాట 2020 దాకా కళ్ళు మూసుకుని అనగలిగేవాళ్ళం. ఆ ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక స్ప్లెండర్‌కీ కార్బురేటరు పోయింది. ఎమ్మిగనూరు బస్టాండు వెనక నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పేవాడు, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు. ఈమధ్య కలిసినప్పుడు అడిగాను.

"కొత్త బండ్లకి చెవి పనిజెయ్యదన్నా. లైటు ఎలుగుతాది, మిషను పెట్టి సూడల్ల. మిషను నాకాడ లేదు."

"మరి ఏం చేస్తావు?"

"ఇంగేముంది, చిన్న బండయితే ఆదోనిలో సామాను దొరుకుతాది, ఎవరో ఒకరు తెచ్చిస్తారు. నీ బండిట్లాటివైతే బళ్లారో కర్నూలో లారీకెక్కించుకొని పోవల్ల."

తేడా తగ్గింది, పోలేదు. ఇంకో పదేళ్ళకి పోతుందేమో. అప్పుడు ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, అన్నా మొదటి బండి ఏది కొనాలి అని. మూడు లక్షలు దాటే బండి ఫోటో ఫోన్లో చూపించింది. నేను నా ఎనుముని పార్కింగులో గడ్డి మీద పడుకోబెట్టి, లేపమన్నాను. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నవ్వి, చేతులు దులుపుకుంది. మీ ఇంట్లో ఏం బండి ఉంది అంటే నాన్నది పాత ప్యాషన్ అంది. ఆ బండి మీద శ్రీశైలం పోయిరా, ఒక్క పంక్చరైనా పడాలని కోరుకుంటున్నాను, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాను.

పోయొచ్చింది. పంక్చరు పడలేదు, చైను తెగింది. మన్ననూరు దగ్గర ఒకతను రెండొందలకి లింకు వేసిచ్చాడట. సోమవారం పొద్దున్నే వచ్చి ఆ తెగిన లింకు నా టేబుల్ మీద పెట్టింది. కొత్త బండి సంగతి ఇంకా ఎత్తలేదు. నా బండి అమ్మకానికి ఉందా అని మాత్రం అడిగింది, తన కోసం కాదట, వాళ్ళ అన్నయ్య కోసం. ఆయన ఆరడుగులు.