ఆకు పాఠం చెట్టు కిందే చెప్పాలి



ఈ హాస్టల్లో చదివిన రోజుల్లో సైన్సు నోటుబుక్కులో ఆకు బొమ్మను మేము ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. పుస్తకంలోది చూసి దించి, భాగాలు గుర్తించి, సంతకం చేయించుకునేవాళ్ళం. కిటికీ పక్కనే వేపచెట్టు ఉన్నా ఒక్క ఆకూ తరగతి గదిలోకి రాలేదు.

మాలో చాలామందికి ఆకు అంటే బతుకుతెరువు. ఎండాకాలం అమ్మానాన్నలతో తునికాకు కోసి, 50 ఆకులకొక కట్ట కట్టినవాళ్ళం. మోదుగాకుతో విస్తళ్ళు కుట్టినవాళ్ళం. అయినా "మీ అమ్మ ఏం పని చేస్తుంది?" అని అడిగితే తల దించుకున్నాం. అమ్మకు తెలిసిందీ శాస్త్రమేనని మాకు చెప్పినవారు లేరు.

అందుకే 3, 4, 5 తరగతుల తమ్ముళ్ళకు ఆదివారం ఒక గంట ఆకులతో బొమ్మలు వేయించాలని మేము కోరుతున్నాం. రాలిన ఆకును బోర్లా పెట్టి, పైన పల్చని కాగితం పరిచి, క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దితే ఈనెలన్నీ తేలతాయి. రావి ఆకులో వల కనిపిస్తుంది, జొన్నాకులో బారు గీతలు కనిపిస్తాయి. జాలాకార, సమాంతర ఈనెల వ్యాపనం అనే మాటలు అప్పుడు చెబితే మరచిపోరు. జిల్లేడు, గన్నేరు మాత్రం ముట్టనివ్వకూడదు, వాటి పాలు ప్రమాదం.

మొన్నటి సెలవుల్లో మేమే చేయించి చూశాం. మోదుగ రెమ్మ చూపించి "ఇవి ఎన్ని ఆకులు?" అని అడిగితే అందరూ మూడన్నారు. కాడ కొమ్మను అంటుకున్నచోట, పై మూలలో మొగ్గ ఉంటుంది. మూడింటికీ కలిపి అది ఒక్కటే, కనుక మూడూ కలిసి ఒకే ఆకు. ఇంతలో నాలుగో తరగతి తమ్ముడొకడు "అన్నా, నడిమిది పెద్దది. పక్కవి రెండూ ఓ పక్కకు వంకర. మా అమ్మ విస్తరి కుట్టేటప్పుడు చూసిన" అన్నాడు. మేము డిగ్రీలో చదువుకున్న మాట అది! వాడు తల ఎత్తే చెప్పాడు.

పదో తరగతి ఫలితాలు ముఖ్యం గానీ ఈ బొమ్మలెందుకని కొందరు అంటారు. పదిలో తప్పినవారిలో తెలివి లేనివారికన్నా, నోరు విప్పడానికి జంకినవారినే మేము ఎక్కువగా చూశాం. ఆ జంకు చిన్న తరగతుల్లోనే పోవాలి.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు తలా ఒక క్రేయాన్ల డబ్బా తెండి. గోడకు అంటించి అధికారులకు చూపించడానికి కాదు, పిల్లలు అరగదీయడానికి. ఆకులు మన ఆవరణలోనే ఉన్నాయి.