యంత్రము తీర్పరియా?

భూపాలపల్లి సీమలో సమ్మయ్యలు, సమ్మక్కలు, సారక్కలు ఎందఱు! మేడారపు తల్లుల పేరు పెట్టుకొనని కుటుంబము అచట అరుదు. చెల్పూరు బజారున నిలిచి “సమ్మయ్యా” యని పిలిచినచో నలుగురు తిరిగి చూతురు. వారిలో ఎవడు కూలివాడో, ఎవడు కారు గలవాడో చౌకధరల దుకాణదారుడు ఎఱుగును. యంత్రము ఎఱుగదు.

తెలంగాణ ప్రభుత్వము “సమగ్ర వేదిక” యను కంప్యూటరు ఏర్పాటును నెలకొల్పి, వాహనముల పట్టికలను, ఆస్తుల పట్టికలను, విద్యుత్తు బిల్లులను ఒకచోట జోడించి, అర్హులెవరో అనర్హులెవరో తేల్చుటకు దానిని వినియోగించెను. పేరును చిరునామాయును పోలియున్నచో ఇద్దఱును ఒక్కరేయని అది యూహించును. ఒక సమ్మయ్య కారు కొన్నచో వేఱొక సమ్మయ్య బియ్యము పోవచ్చును! మన చేతి ఫోను మన యభిరుచుల నెఱిగి సరకులు చూపుచున్నదని మురియువారు ఇది గమనింపవలెను. పోలికను పట్టుట వేఱు, మనుష్యుని ఎఱుగుట వేఱు.

2016 మొదలు రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రమున మరల విచారింపుడని 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. నోటీసైనను లేక, కంప్యూటరు లెక్కను నమ్మి తొలగించిరన్నదే అచటి ఫిర్యాదు. పిదప 2 లక్షల పైచిలుకు దరఖాస్తులు పరిశీలింపగా 15 వేలకు పైబడి అర్హులని తేలెను. స్వల్పమే యందురు కాబోలు. పొయ్యి రాజని యింట శాతములు వండుకొందురా?

ఎదుటివాని మాట వినక తీర్పు చెప్పరాదనునది మా వృత్తిలో మొదటి పాఠము. దొంగకు సైతము వకీలు కలడు. మఱి 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమో! సమాచారము సరిగా నుండవలెనని 8వ సెక్షను చెప్పుచున్నది, మంచిదే. కాని సర్కారు రికార్డులలో నున్న సమాచారమును సహాయ పథకములకు, సమ్మతి యడుగకయే, వాడుకొనుటకు 7వ సెక్షను వీలు కల్పించుచున్నది. తన్ను యంత్రమేల త్రోసివేసెనో చెప్పుమని నిలదీయు హక్కు అందెచటను కానరాదు. ఇట్లే పేదల వివరములను జోడించి అనుమానితులను ఏర్చు డచ్చి సర్కారు యంత్రమును 2020 ఫిబ్రవరిలో హేగు న్యాయస్థానము ఆపివేసెను.

2025 ఉగాది మొదలు సన్నబియ్యము పంచనారంభించిరి, సంతోషమే. ఇక మీదట ఏ కార్డు తీసివేయదలచినను, యంత్రము దేనిని చూచి అనుమానించెనో తెలుగున వ్రాసి ముందుగా ఆ యింటికి పంపవలెను. చదువు రానివారికి అధికారి వచ్చి చదివి వినిపింపవలెను. వారి జవాబు వినువఱకు బియ్యము ఆపరాదు.